లప్పం కింద తుప్పు ఆగదు

ఇంటి దగ్గరే పాత కార్లను బాగుచేసుకుంటున్న పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా తుప్పు గురించే ఉన్నాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: నాది 1998 మారుతి 800. డోర్ల అడుగు అంచున, వెనక చక్రాల ఆర్చ్ దగ్గర బుడగలు లేస్తే టింకరింగ్ షెడ్‌లో గీకించి, లప్పం పెట్టించి, రంగు వేయించాను. ఏడాది తిరక్కుండానే అదే చోట మళ్లీ పొంగింది. వాడిన పెయింట్ నాసిరకమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: పెయింట్‌ను అనుమానించకండి. మీ కారులో తుప్పు పుట్టింది లోపలి వైపున. డోర్ అద్దం పక్కనున్న రబ్బరు దాటి వాన నీరు డోర్ లోపలికి దిగడం మామూలే. అది బయటికి పోవడానికే డోర్ అడుగున సన్నటి రంధ్రాలు వదులుతారు. వాటిలో మట్టి కూరుకుపోతే నీరు అక్కడే నిలుస్తుంది. డోర్ బయటి రేకు అంచును లోపలి రేకు మీదికి మడిచి నొక్కి ఉంటారు కదా, ఆ మడతలోకి చేరిన తేమ ఒక పట్టాన ఆరదు. మీది సముద్రం పక్క ఊరు కాబట్టి ఆ తేమలో ఉప్పు కూడా ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెట్టింపుకు పైగా పెరుగుతుంది. ఆ ఉబ్బే పెయింట్‌ను పైకి లేపుతుంది. బయట బుడగ కనిపించిందంటే లోపలి నుంచి రేకు చాలావరకు తినేసి ఉంటుందని లెక్క.

అలాంటి రేకును బయటి నుంచి గీకితే సన్నటి చిల్లులు పడతాయి. వాటి మీద లప్పం మెత్తితే దాని వెనక వైపు నేరుగా తడికి తగులుతుంది. లప్పంలో ఉండేది ఎక్కువగా టాల్క్ పొడి, అది తేమను పీలుస్తుంది. వెనక నుంచి తడి, ముందు గాలాడనివ్వని పెయింట్. ఏడాది ఆగడమే ఎక్కువ.

షెడ్‌లో ఇత్తడి పుల్లతో గ్యాస్ వెల్డింగ్ చేసి ఉంటే ఇంకో కారణం కూడా ఉంటుంది. ఆ వెల్డింగ్‌కు వాడే ఫ్లక్స్ (లోహం అంటుకోవడానికి చల్లే పొడి) గాజు పెంకులా అతుకు మీద మిగిలిపోతుంది. దాన్ని వేడినీళ్లు, వైర్ బ్రష్‌తో పూర్తిగా వదిలించాలి. వదిలించకుండా లప్పం పెడితే అది తేమను లాక్కుని పెయింట్‌ను తోసేస్తుంది.

ఈసారి పని లోపలి నుంచి మొదలుపెట్టండి. డోర్ ప్యాడ్ విప్పి, దాని వెనకున్న ప్లాస్టిక్ షీటును చింపకుండా జాగ్రత్తగా ఊడదీయండి. అడుగు రంధ్రాలను వైరుతో పొడిచి, పైపుతో నీళ్లు కొట్టి, మట్టి మొత్తం బయటికి వచ్చేదాకా కడగండి. రెండు రోజులు ఎండలో తలుపు తెరిచి ఆరనివ్వండి. చిల్లులు పడిన మేర కోసేసి కొత్త రేకు వేయాలి (ఆ పద్ధతి తర్వాతి జవాబులో ఉంది). పెయింట్ అంతా అయ్యాక చివరగా డోర్ లోపల అడుగు మడత వెంట కేవిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల కొట్టే మైనం) కొట్టండి. వ్యాక్స్‌తో రంధ్రాలు మూసుకుపోతే మళ్లీ పొడవాలి. ప్లాస్టిక్ షీటును తప్పకుండా తిరిగి అతికించండి. స్పీకర్లు బిగించేటప్పుడు దాన్ని చింపి పారేయడం చాలా షెడ్లలో అలవాటు. అది లేకపోతే డోర్‌లోకి దిగిన నీరు ప్యాడ్ మీదుగా కార్పెట్ కిందికి చేరి ఫ్లోర్‌ను తినడం మొదలుపెడుతుంది.

వెనక ఆర్చ్ దగ్గర కూడా ఇదే తంతు. లోపలి రేకు, బయటి రేకు కలిసే పెదవి వెనక, చక్రం చిమ్మిన బురద పేరుకుంటుంది. చక్రం విప్పి, ఆ పెదవి వెనక వేలు పెట్టి చూడండి.

ప్రశ్న: 1984 అంబాసిడర్ మార్క్ 4 మా నాన్నగారి నుంచి నాకు వచ్చింది. డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్‌లో స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగిపోతోంది. డోర్ల కింద పొడవునా ఉండే సిల్ బాక్సులు కూడా ఒకవైపు పుచ్చాయి. నా దగ్గర ఆర్క్ వెల్డింగ్ మెషిన్ ఉంది, గ్రైండర్ ఉంది. ఇంట్లో చేసుకోగలనా? ఏ రేకు కొనాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఫ్లోర్ చేసుకోగలరు. సిల్స్ విషయంలో ముందు ఒక సంగతి తెలియాలి. అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. సిల్ బాక్సులు ఆ బాడీకి వెన్నెముక. ఆధారం లేకుండా సిల్ కోశారంటే కారు మధ్యలో కుంగుతుంది. కుంగిన స్థితిలో వెల్డింగ్ చేస్తే ఆ తర్వాత డోర్లు సరిగా పడవు, మళ్లీ సరిచేయడం దాదాపు అసాధ్యం.

ఎక్కడ ఆగాలో కూడా ముందే నిర్ణయించుకోండి. ఈ కార్ల ముందు సస్పెన్షన్‌లో టోర్షన్ బార్లు, అంటే మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు ఉంటాయి. వాటి వెనక కొస ఫ్లోర్ కింద క్రాస్ మెంబర్‌కు (అడ్డ దూలానికి) బిగించి ఉంటుంది. వెనక లీఫ్ స్ప్రింగ్ పట్టీల హ్యాంగర్లు బాడీకే ఉంటాయి. ఈ రెండు చోట్ల రేకు పుచ్చి ఉంటే ఆ భాగం మాత్రం అనుభవమున్న వెల్డర్‌తోనే చేయించండి. సీటు బెల్టు బోల్టులు దిగే చోటికీ ఇదే మాట. అక్కడ అతుకు వదిలితే ప్రాణం మీదికి వస్తుంది.

ముందుగా సీట్లు, కార్పెట్లు, దాని కింది తారు షీట్లు అన్నీ తీసేయండి. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పండి. ఆల్టర్నేటర్ వైర్లు కూడా విప్పితే మంచిది. పెట్రోల్ ట్యాంకు దించి దూరంగా పెట్టండి. పెట్రోల్ లైన్ల కొసలు మూయండి. ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని కారులోనే ఉంచొద్దు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం. ఒక మనిషి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని పక్కనే ఉండాలి. వెల్డింగ్ అయిపోయాక కూడా గంటసేపు కారును వదిలి వెళ్లకండి. తారు, పాత కార్పెట్ పీచు నెమ్మదిగా రాజుకుంటాయి.

కారును జాకీ మీద, ఇటుకల మీద, సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టి కిందికి దూరకండి. దిమ్మె చెప్పకుండా పగులుతుంది. జాకీ పెట్టే చోటే పుచ్చి ఉంటే జాకీ సిల్‌లోకి దిగిపోతుంది. నాలుగు యాక్సిల్ స్టాండ్లు కొనండి, సస్పెన్షన్ బిగించిన గట్టి భాగాల కింద పెట్టండి, మట్టానికి ఉందో లేదో చూసుకోండి.

ఆర్క్ మెషిన్ ఈ పనికి కుదరదు. 2.5 మి.మీ. రాడ్డు పెట్టగానే ఈ పల్చటి రేకు కరిగి చిల్లు పెద్దదవుతుంది. రాడ్డుకు బదులు సన్నటి వైరు, గ్యాస్‌తో అతికే మిగ్ మెషిన్ అద్దెకు తెచ్చుకోండి. 0.8 మి.మీ. వైరు సరిపోతుంది, 0.6 దొరికితే ఇంకా మంచిది. గ్యాస్ 80 పాళ్లు ఆర్గాన్, 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం అడగండి. ఉత్త కార్బన్ డయాక్సైడ్‌తోనూ అతుకుతుంది గానీ నిప్పురవ్వలు, వేడి ఎక్కువ. గాలి వీచే చోట చేస్తే గ్యాస్ ఎగిరిపోయి అతుకు స్పాంజిలా చిల్లులు పడుతుంది. ఫ్యాన్ ఆపేయండి.

రేకు కొట్లో సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీట్ అని అడగండి. ఫ్లోర్‌కు 18 గేజ్, అంటే సుమారు 1.2 మి.మీ. బయట కనిపించే భాగాలకు 20 గేజ్, సుమారు 0.9 మి.మీ. తుప్పు పట్టదని జీఐ షీటు ఇవ్వబోతారు, తీసుకోకండి. వెల్డింగ్ వేడికి దాని జింక్ పూత కాలి తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే రాత్రికి చలి జ్వరం పట్టుకుంటుంది, అతుకు కూడా గట్టిగా రాదు.

కోసే పని: పుచ్చిన చోటు నుంచి మెరిసే గట్టి రేకు దొరికేదాకా పోయి, దాన్ని దాటి ఇంకో 20 – 25 మి.మీ. కోయండి. ఇక్కడ పొదుపు చేస్తేనే మొత్తం శ్రమ వృథా అయ్యేది. గుంటలు పడి సన్నబడిన రేకు మీద వెల్డింగ్ నిలవదు, కాలిపోతూ పోతుంది. కోసే ముందు కింద బ్రేక్ పైపు, పెట్రోల్ లైను, వైరింగ్ ఎటు పోతున్నాయో చూసుకోండి. అతుకు ముక్క మూలలను చదరంగా వదలకుండా కనీసం 15 మి.మీ. గుండ్రం చేయండి. చదరపు మూల దగ్గర వేడి, ఒత్తిడి పోగయి పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. అసలు ఫ్లోర్‌లో గట్లు నొక్కి ఉంటాయి. అవి గట్టిదనం కోసం. బల్లపరుపు ముక్క వేస్తే కారు కదిలినప్పుడల్లా డబడబమంటుంది. రెండు చెక్కల మధ్య సందు వదిలి, దాని మీద రేకు పెట్టి, అర అంగుళం పైపును సుత్తితో కొట్టుకుంటూ పోతే గట్టు దిగుతుంది.

ఫ్లోర్‌లో కొత్త ముక్కను పాత రేకు మీద 12 మి.మీ. ఎక్కించి వేయొచ్చు. ఎక్కే రెండు ముఖాలకూ జింక్ ఎక్కువగా ఉండే వెల్డ్-త్రూ ప్రైమర్ పూయండి. పై రేకులో 25 మి.మీ.కు ఒకటి చొప్పున 6 మి.మీ. రంధ్రాలు వేసి, వాటిలో వెల్డింగ్ నింపండి. వెల్డింగ్ పడే చోట మాత్రం ప్రైమర్ గీకేయాలి. బయటి భాగాలకైతే ఎక్కించకూడదు, అంచుకు అంచు కలపాలి. మధ్య వైరు మందమంత సందు చాలు. రెండు రకాలకూ ఒకే సూత్రం: ఇక్కడొక చుక్క, ఎదురు మూల ఇంకో చుక్క. చుక్క పక్కన చుక్క పెట్టాలంటే మొదటిది చెయ్యి పెట్టి చూసేంత చల్లారాలి. గబగబా ఒకే గీతగా లాగితే రేకు అలలు తేలుతుంది. తడిగుడ్డతో చల్లార్చకండి, అతుకు పెళుసెక్కుతుంది.

సిల్‌కు దిగే ముందు రెండు డోర్లు పట్టే ఖాళీల్లోనూ 25 మి.మీ. చదరపు పైపు ఏటవాలుగా పెట్టి చుక్క వెల్డింగ్ చేయండి. కుదిరితే ఎడమ నుంచి కుడికీ ఒకటి వేయండి. అంతకుముందే డోర్లు మూసి, చుట్టూ సందులు కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకసారి ఒకవైపే కోయాలి. ఒక వైపు పూర్తిగా వెల్డింగ్ అయి, సందులు మళ్లీ కొలిచి, రాసుకున్న దానితో సరిపోయాకే రెండోది. లోపల ఉన్న బలం రేకు పుచ్చితే దాన్ని కూడా మార్చాలి. బయటి రేకు మాత్రం కొత్తది వేసి మూసేస్తే చూడ్డానికి బాగుంటుంది, బలం మాత్రం రాదు. సిల్ అడుగున నీరు కారే సందులు అసలు కారులో ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకుని కొత్తదానిలోనూ వదలండి.

వెల్డింగ్ అయ్యాక అతుకులను ఫ్లాప్ డిస్క్‌తో చదును చేసి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు. అది ఆరాక అతుకుల వెంట పాలియురేథేన్ సీలర్, కింది వైపు రబ్బరు రకం అండర్‌బాడీ కోటింగ్. సిల్ బాక్సుల లోపలికి పొడవాటి గొట్టంతో కేవిటీ వ్యాక్స్. వెల్డింగ్ జరిగిన లోపలి ముఖం మీద పాత రక్షణ ఏదీ మిగలదు. అక్కడ వ్యాక్స్ పడకపోతే కొత్త రేకు పాతదాని కన్నా ముందే పోతుంది.

ప్రశ్న: వెల్డింగ్ గొడవ లేకుండా ఫైబర్ గ్లాస్ గుడ్డ, రెసిన్‌తో గానీ ఎం-సీల్‌తో గానీ ఫ్లోర్ చిల్లులు మూయొచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దు. రెసిన్ రేకుకు అంటుకోదు, దాని మీదున్న తుప్పు పొడికి అంటుకుంటుంది. కారు కదలికకు అంచు లేచి, ఆ సందులో నీరు నిలిచి చుట్టూ ఉన్న మంచి రేకు కూడా పుచ్చుతుంది. పైగా చిల్లు ఎంత పెరిగిందో కనబడదు. బలంతో పనిలేని భాగాలకు, అంటే బ్యాటరీ ట్రే పక్కనుండే కవర్ల లాంటి వాటికి వాడుకోవచ్చు.

ప్రశ్న: తుప్పు మీద పూస్తే నల్లగా మారిపోయే కన్వర్టర్లు నిజంగా పనిచేస్తాయా? మా మెకానిక్ బాత్రూం యాసిడ్ పోస్తే చాలంటున్నాడు.
– ఒక పాఠకుడు, నిజామాబాద్; ఇదే ప్రశ్న ఒంగోలు నుంచి మరొకరు

జవాబు: బాత్రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పును క్షణాల్లో కరిగిస్తుంది, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ అది వదిలే క్లోరైడ్ లోహం గుంటల్లో, అతుకుల సందుల్లో ఉండిపోతుంది. ఉప్పుగాలి చేసే పనే అదీ చేస్తుంది. కారు బాడీ దగ్గరికి దాన్ని రానివ్వకండి.

కన్వర్టర్లు పనిచేస్తాయి, వాటి పరిధిలో. వాటిలో ఉండేది టానిక్ యాసిడ్ లేదా ఫాస్ఫారిక్ యాసిడ్, కొన్నింటిలో రెండూ. ఇవి పల్చటి తుప్పును స్థిరమైన పదార్థంగా మారుస్తాయి. టానిక్ యాసిడ్ ఉన్నది నల్లబడుతుంది. పొరలు పొరలుగా లేచే తుప్పులోకి మాత్రం దిగలేవు. పై పొర నల్లబడి, కింద ఎర్రగానే ఉంటుంది. కాబట్టి వైర్ కప్ బ్రష్‌తో ఊడివచ్చేదంతా రాల్చి, గుంటల్లో మిగిలిన దాని మీదే పల్చగా పూయండి. 24 గంటలు వదలండి. శుభ్రమైన మెరిసే రేకు మీద పూయడం దండగ, అక్కడ అది మార్చడానికి తుప్పే లేదు.

చాలామంది చెడగొట్టుకునేది తర్వాతి మెట్టు. ఫాస్ఫారిక్ యాసిడ్ అవశేషం మీద ఎపాక్సీ ప్రైమర్ కొడితే ప్రైమర్ సరిగా గట్టిపడదు, కొన్నాళ్లకు పొరలా ఊడుతుంది. డబ్బా మీద రాసినట్టు నీళ్లతో కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, 120 నంబరు పేపర్‌తో గీరి అప్పుడు ప్రైమర్ వేయండి.

వానాకాలంలో ఇంకో జాగ్రత్త. రేకు ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీటి బిందువులుగా పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. లేకపోతే కంటికి కనబడని తేమ ప్రైమర్ కింద చిక్కుకుంటుంది. పొద్దున్నే పని పెట్టుకోవద్దు. పది గంటలు దాటి రేకు వెచ్చబడ్డాక కొట్టండి. కంప్రెసర్‌కు వాటర్ ట్రాప్ ఉండాలి, ట్యాంకు అడుగు వాల్వు రోజూ తెరిచి నీరు వదలాలి.

లప్పం సంగతి కూడా ఇక్కడే చెప్తాం. పాలియెస్టర్ లప్పాన్ని ఎపాక్సీ ప్రైమర్ మీదే పెట్టండి, 3 మి.మీ. మించకుండా. 100 గ్రాములకు 2 గ్రాముల హార్డెనర్. త్వరగా ఆరుతుందని ఎక్కువ కలిపితే తర్వాత పెయింట్ మీద మరకలు తేలతాయి. మన ఎండల్లో నాలుగైదు నిమిషాల్లోనే గట్టిపడుతుంది కాబట్టి నిమ్మకాయంత ముద్దలే కలుపుకోండి. దాన్ని నీళ్ల పేపర్‌తో తోమొద్దు, పొడిగానే తోమండి. తోమేటప్పుడు పీల్చిన నీరు పెయింట్ కిందే ఉండిపోతుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ సూది రంధ్రాలకే.

ప్రశ్న: పద్మిని కారు డోర్ కీళ్లు, బ్రాకెట్లు, బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. గీకి గీకి చేతులు పోతున్నాయి. సులువు మార్గం? పెట్రోల్ ట్యాంకు లోపల కూడా ఎర్రగా ఉంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చిన్న సామానుకు కరెంటు పద్ధతి మంచిది. ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా బట్టల సోడా. 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగటివ్ క్లిప్పు మీ సామానుకు, పాజిటివ్ ఒక పనికిరాని ఇనుప పట్టీకి. రెండూ నీళ్లలో ఒకదాన్నొకటి తగలకూడదు. తిరగేసి కలిపితే మీ సామానే కరుగుతుంది. సామాను నుంచి బుడగలు వస్తుంటే పని జరుగుతున్నట్టే. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి బురదగా మారి బ్రష్‌కు ఊడొస్తుంది, మంచి లోహం తగ్గదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ గరిటె, గిన్నె లాంటివి వాడకండి. దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి వస్తుంది. బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆరుబయటే పెట్టండి, క్లిప్పులు ముట్టుకునే ముందు చార్జర్ ఆపండి. స్ప్రింగులు, అల్యూమినియం, క్రోమ్ పూత ఉన్న బంపర్లు ఇందులో వేయొద్దు.

ట్యాంకుకు నిమ్మ ఉప్పు చాలు. ట్యాంకు దించి, పెట్రోల్ పూర్తిగా ఒంచి, ఫ్లోట్ యూనిట్ తీసి, సబ్బు నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. గుప్పెడు పాత నట్లు లోపల వేసి ఊపితే పెళుసు తుప్పు రాలుతుంది. నట్లన్నీ లెక్కపెట్టి తీయండి. తర్వాత లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున గోరువెచ్చగా కలిపి నింపి, ఒక రోజు ఉంచండి. ఒంచేసి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో మళ్లీ కడిగి, వెంటనే వేడి గాలి కొట్టి ఆరబెట్టండి. కడిగిన ఇనుము నిమిషాల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఆరగానే కాస్త ఇంజన్ ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి అన్ని వైపులా తిప్పండి. బిగించేటప్పుడు కొత్త ఫిల్టరు వేసి, రెండు వారాల తర్వాత అదీ మార్చండి. ట్యాంకుకు చిల్లు ఉంటే మీరు వెల్డింగ్ చేయకండి. ఎన్నిసార్లు కడిగినా అతుకుల్లో పెట్రోల్ ఆవిరి మిగులుతుంది.

ప్రశ్న: మా వీధిలో అందరూ వాడేసిన ఇంజన్ ఆయిల్‌ను కారు అడుగున కొట్టిస్తారు. ఉప్పుగాలికి అదే మందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆయిల్ పొర గాలినీ నీటినీ కొంతకాలం ఆపుతుందన్నది నిజం. కానీ వాడేసిన ఆయిల్‌లో ఇంజన్లో పుట్టిన ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి. రబ్బరు బుష్‌లు, బ్రేక్ హోస్‌లు దానివల్ల ఉబ్బి మెత్తబడతాయి. బ్రేక్ డ్రమ్ముల లోపలికి పోతే బ్రేకులే పట్టవు. వానకు కారి నేలలోకి దిగుతుంది. అందుకు బదులు ల్యానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) లేదా వ్యాక్స్ రకం స్ప్రేలు దొరుకుతున్నాయి, ఏడాదికోసారి వానల ముందు కొట్టండి.

అంతకన్నా ముఖ్యం మంచినీళ్లు. బీచ్ రోడ్డు వైపు తిరిగే కారైతే వారానికోసారి అడుగు భాగాన్ని, ఆర్చ్‌ల వెనక పైపుతో కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కడిగి లాభం లేదు, కార్పొరేషన్ నీళ్లు వాడండి. తడి కారును తార్పాలిన్‌తో కప్పకండి. పాత అండర్‌బాడీ కోటింగ్ ఎక్కడైనా పగిలి ఉంటే దాని మీద కొత్తది కొట్టించొద్దు. స్క్రూడ్రైవర్ వెనక భాగంతో తట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమనకుండా మొద్దుగా శబ్దం వచ్చిన చోట కోటింగ్ గీకి, రేకు చూసి, ఎపాక్సీ ప్రైమర్ వేశాకే మళ్లీ కప్పండి.